గడువు దాటాక అడిగిన మాట

బ్రిడ్లింగ్టన్,
జనవరి 2023

వంతెన దొరగారైన తమ్ముడు వీబ్రెన్‌కి,

వచ్చేసిందిరా! హోం శాఖ ఉత్తరం ఈ ఉదయమే అందింది. నా దరఖాస్తు ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఒకే ఒక్క పని. మూడు నెలల్లోపల బెవర్లీ వెళ్లి, రాజుగారి ఫొటో ముందు నిలబడి, ఆయనకూ ఆయన తరువాత వచ్చేవాళ్లకూ విధేయురాలిగా ఉంటానని పైకి చదవాలి. చదివిన నిమిషం నుంచి మీ అక్క బ్రిటిష్ పౌరురాలు. ఏప్రిల్‌లో రోజు కూడా ఖాయం చేసుకున్నాను.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే "అక్కా, పడవొస్తోంది, వంతెన ఎత్తాలి" అని పెట్టేస్తావు. చలికాలంలో మీ కాలవలోకి బాతులు తప్ప ఏమీ రావని నాకు తెలియదా? ఉత్తరమైతే వంతెన పక్కన ఆ అద్దాల గదిలో కూర్చుని చచ్చినట్టు చదువుతావు.

ఈ వయసులో ఇంత సంబరమేమిటని నవ్వకు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఇక్కడి పిల్లల్లో సగం మందికి ఈత నేర్పాను, అదీ మన పద్ధతిలో, చొక్కా, ప్యాంటు, బూట్లతో సహా నీళ్లలోకి దింపి. మొదట్లో తల్లులు నా మీద విరుచుకుపడ్డారు. "మీ పిల్లలు పడవ మీంచి పడేముందు బట్టలు మార్చుకుంటారా?" అని అడిగాక ఎవరూ నోరెత్తలేదు. అలాంటిదాన్ని, ఆ 2016 జూన్‌లో యూరప్ కూటమిలో ఉండాలా బయటికి పోవాలా అని ఊరంతా బడిలోకి వెళ్లి ఓటేస్తుంటే బయట గొడుగు పట్టుకుని నిలబడ్డాను. తేలేది నా బతుకు. ఓటు లేనిది నాకు. మీ బావ నెవిల్ "బయటికి" అనే వేసి వచ్చాడు, దాచలేదు. "నిన్ను కాదు పిల్లా, ఆ బ్రస్సెల్స్ వాళ్లని" అన్నాడు. ఆ నెలంతా తన వంట తనే చేసుకున్నాడు, నీకు తెలిసిన సంగతే.

ఇక్కడ ఉండనిస్తామని ఆ తరువాత నాకూ ఒక హోదా ఇచ్చారు. ఉండనివ్వడం వేరు, అడిగి నిర్ణయించడం వేరు. నాకు ఓటు కావాలి.

మన నెదర్లాండ్స్ పౌరసత్వం పోతుందేమోనని బెంగపడకు. ఇంకో దేశానిది కోరి తీసుకుంటే మనవాళ్లు మనది తీసేస్తారు, నిజమే. కానీ ఆ దేశపు మనిషితో కాపురం చేస్తున్నవాళ్లకు మినహాయింపు ఉంది. నేనూ నెవిలూ అక్కడ హార్లింగెన్‌లో ఉన్న రోజుల్లో లేవార్డెన్ నోటరీ దగ్గర కలిసి బతికే ఒప్పందం రాసుకున్నాం, నీ కారులోనే వెళ్లాం, గుర్తుందిగా. కాబట్టి అక్కడొక రాజు, ఇక్కడొక రాజు, ఇద్దరూ నావాళ్లే!

ప్రమాణానికి మా మరదలు ఇమ్కేని వెంటబెట్టుకుని రా. ఆ పాత కోటు మాత్రం వేసుకురాకు.

మీ అక్క
యెట్స్కే


ఫ్రానెకర్,
ఫిబ్రవరి 2023

అక్కా,

కోటు సంగతి తరువాత. ముందు కూర్చో.

నిన్న ఇమ్కే పుట్టినరోజు. మన పద్ధతి తెలుసుగా, గోడ చుట్టూ కుర్చీలు, వచ్చిన ప్రతివాళ్లూ ఒక్కొక్కరి చెయ్యీ ఊపుతూ "మీ భార్య పుట్టినరోజుకి శుభాకాంక్షలు", "మీ వదిన పుట్టినరోజుకి శుభాకాంక్షలు" అనడం, ఆ తరువాత తలా ఒక కేకు ముక్క. రెండో ముక్క అడిగినవాడికి ఈ జిల్లాలో పరువుండదు. కాఫీ తిరుగుతుండగా నేను నీ గొప్ప చెప్పాను. మా అక్క ఏప్రిల్లో ప్రమాణం చేస్తోంది, రెండు పాస్‌పోర్టులు, రెండూ దర్జాగా అన్నాను. నోటరీ ఒప్పందం సంగతి కూడా చెప్పాను.

ఇమ్కే పిన్ని కూతురు ఆల్కే, ఆ మధ్య కెనడా నుంచి తిరిగొచ్చేసింది చూడు, ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"పెళ్లయిందా వాళ్లకి?" అంది.

"ఒప్పందం ఉందిగా" అన్నాను.

"అది ఇల్లూ పింఛనూ పంచుకోడానికయ్యా. పెళ్లయినా అవ్వాలి, లేకపోతే మున్సిపాలిటీలో జంటగా రిజిస్టరైనా చేయించుకోవాలి. నోటరీ కాగితం దీనికి పనికిరాదు. నేనూ నీలాగే అనుకునే వాంకూవర్లో చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఆ సాయంత్రానికే నాకు ఈ దేశం లేకుండా పోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. దానంతట అదే పోయింది. ఇప్పుడు మా అమ్మ ఇంట్లో, మా అమ్మ కుర్చీలో కూర్చోడానికి నాకు అనుమతి కార్డు కావాలి, తెలుసా?"

ఇమ్కే జున్ను ముక్కల పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అక్కా, ఇక్కడ సగం ఊరు ఆ ఒప్పందాల మీదే కాపురం చేస్తోంది. పన్నులవాళ్లు దంపతులంటారు, బ్యాంకువాళ్లు దంపతులంటారు. మనవాళ్ల అలవాటు ప్రకారం పాయిఖానా గోడకి వేలాడే పుట్టినరోజుల క్యాలెండర్లో నీ పేరు పక్కన నెవిల్ పేరుంది. ఇంకేం కావాలి అనుకున్నాం. తప్పు మనిద్దరిదీ. నేను ఇన్నేళ్లుగా బావా అని పిలుస్తున్న మనిషి ఆ చట్టం లెక్కలో నాకేమీ కాడు.

ఆ ప్రమాణం చేయకు. చేసేలోపు పెళ్లన్నా చేసుకో, లేదా మానేయ్.

వీబ్రెన్


బ్రిడ్లింగ్టన్,
ఫిబ్రవరి 2023

వీబ్రెన్,

నీ ఉత్తరం అందింది. పుట్టినరోజు కుర్చీల్లో కేకు తింటూ తేల్చిన చట్టాలు నాకు పంపకు. ఆల్కే చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ గుండెలు బాదుకునే రకం. నా పని నేను కనుక్కునే చేశాను.

యెట్స్కే

వారం తరువాత కలుపుతున్నాను: పై ముక్క అప్పుడు పోస్టు చేయలేదు. మన రాయబార కార్యాలయాన్ని అడిగాను. ఆల్కే చెప్పిందే నిజం. ఆవిడకు నా తరపున క్షమాపణ చెప్పు. పెళ్లయితే మినహాయింపు ఉంటుందట, అది ప్రమాణానికి ముందే జరగాలట. ఏర్పాట్లు చూసుకుంటున్నాను. కంగారు పడాల్సిందేమీ లేదు.


ఫ్రానెకర్,
మార్చి 2023

అక్కా,

పెళ్లి కుదిరిన మనిషి రాసే ఉత్తరమా అది? కరెంటు బిల్లు ఇంతకన్నా సరదాగా ఉంటుంది. ఏర్పాట్లు అంటావు, తేదీ చెప్పవు. అన్నిటికన్నా వింత, ఉత్తరంలో బావ ఊసే లేదు. ఇన్నేళ్లలో ఆయన వలల గురించో, దగ్గు గురించో, టీ పొడి గురించో ఒక్క తిట్టయినా లేకుండా నువ్వు ఉత్తరం రాసింది లేదు.

ఇమ్కే చదివి, "మీ అక్క ఏదో దాస్తోంది" అంది. నేను కాదన్నాను. కాదన్నాను గానీ రాత్రంతా పక్కమీద దొర్లుతూనే ఉన్నాను.

బావ ఎలా ఉన్నాడు? దాపరికం లేకుండా రాయి.

వీబ్రెన్


బ్రిడ్లింగ్టన్,
మార్చి 2023

తమ్ముడూ,

నీ పెళ్లానికి నాకన్నా తెలివెక్కువ. దాచాను. సిగ్గేసి దాచాను.

నెవిల్‌ని అడిగాను. కాదన్నాడు.

అడిగిన తీరు చెబితే నువ్వూ కాదనేవాడివేమో. భోజనాల బల్ల మీద కాగితాలన్నీ వరసగా పరిచి, క్యాలెండర్ తెచ్చి పక్కన పెట్టాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఫలానా రోజు నోటీసు ఇవ్వాలి, అక్కడి నుంచి నాలుగు వారాలు ఆగాలి, ఆ మర్నాడే చేసుకుంటే ప్రమాణానికి రెండు రోజులు మిగులుతాయి అని వేలుపెట్టి చూపించాను. పిల్లలకు ఈత పోటీల టైం టేబుల్ చెప్పినట్టు చెప్పాను. అతను ఫోర్కు కింద పెట్టి చివరిదాకా విన్నాడు.

"మేం పట్టి అమ్మే లాబ్‌స్టర్లకీ ఇంతే చెబుతారు ఇప్పుడు. ఫలానా తేదీలోపల, ఫలానా కాగితంతో, అయితేనే మీ దేశానికి దాటనిస్తామని" అన్నాడు.

"వేళాకోళం కాదు నెవిల్."

"నాదీ వేళాకోళం కాదు పిల్లా. నేను చేసుకోను" అని లేచి రేవుకి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఉప్పు అందించు, వాన వస్తోంది, ఇలాంటివి.

అతని తప్పేముంది? అతను నన్ను మూడుసార్లు అడిగాడు. హార్లింగెన్ పడవల షెడ్డులో ఒకసారి, ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకసారి, నాకు ఆపరేషనై పడుకున్నప్పుడు ఆసుపత్రిలో ఒకసారి. మూడుసార్లూ కాదన్నాను. ఎందుకో నీకు సరిగా తెలియదు, దాని మూలం నువ్వు పుట్టకముందుది.

మన బౌకే అత్త బెల్జియం పడవతన్ని చేసుకుంది కదా. ఆ రోజుల్లో పైదేశం వాణ్ణి చేసుకున్న ఆడదానికి మొగుడి దేశమే దేశం. మనది పోయింది. అతను పోయాక ఇంటికి తిరిగొచ్చింది, ఏడాదిలోపల అడిగితే తిరిగి ఇచ్చేవారట, ఆ సంగతి ఆవిడకు చెప్పినవాళ్లు లేరు. అందుకని ఏటేటా విదేశీయుల లెక్క చూసే పోలీసు ముందు హాజరవ్వాలి. తోడుగా నన్ను తీసుకెళ్లేది. ఆ పోలీసు అత్తతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. "కాఫీ తాగుతావా బౌకే?" అని అడిగి, కాఫీ ఇచ్చి, పెన్ను తీసి, "మీది ఏ దేశం?" అని అడిగేవాడు. అత్త మన మాటలో, మన యాసలో, "బెల్జియం" అని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

పెళ్లంటే ఆడదాని దేశం లాక్కోవడమని అప్పుడే నా బుర్రలో పడిపోయింది. చట్టం ఏనాడో మారింది. నేను మారలేదు. ఇప్పుడు చూడు, ఏ పెళ్లికి భయపడి పారిపోయానో అదే చేసుకుంటే తప్ప నా దేశం నాకు నిలవదట. నాకు నవ్వూ వస్తోంది, కోపమూ వస్తోంది.

నెవిల్‌తో పెళ్లి కాకుండా ప్రమాణం చేస్తే ఓటు వస్తుంది, నేను బౌకే అత్తనవుతాను. చేయకపోతే ఆ గొడుగు కిందే ఉండిపోతాను. రెండూ నాకు వద్దు. నాకు రెండు దేశాలూ కావాలి, ఆ మొండి మనిషీ కావాలి. ఏమన్నా అనుకో.

అక్క


ఫ్రానెకర్,
మార్చి చివర

అక్కా,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. తిట్టుకో. బావకి ఉత్తరం రాశాను. నా ఇంగ్లీషు ఎలాంటిదో తెలుసుగా, అయినా రాశాను. మా అక్కకి ఈ ఒక్కసారి సాయం చేయవయ్యా, ఒక సంతకమే కదా అన్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆ మాటే రాయకూడదని.

జవాబు నిన్న వచ్చింది. ఆయన జీవితంలో ఇంత పెద్ద ఉత్తరం రాసి ఉండడు. మన మాటలోకి దించి రాస్తున్నాను:

"వీబ్రెన్, మీ అక్క మూడుసార్లు నన్ను కాదంది. మూడుసార్లూ నేనేమీ అనుకోలేదు. పెళ్లి వద్దనుకుంది గానీ నన్ను వద్దనుకోలేదు. పొద్దున్న లేస్తే పక్కనే ఉంది. ఇప్పుడు పెళ్లి కావాలంటోంది. దానికి మొదటిసారి ఒక కారణం దొరికింది. ఆ కారణంలో నేను లేను. బల్ల మీద అన్ని కాగితాలు పరిచింది, నా పేరు రెండుచోట్ల ఉంది, పుట్టిన తేదీతో సహా. నేను మాత్రం ఎక్కడా లేను. ఆమె దేశం పోవాలని నాకు లేదు. ఆమె పోవాలని అసలే లేదు. మరేం చేయాలో నాకూ తెలియట్లేదు. వలలు బాగు చేసుకుంటున్నాను. మీ వంతెన బాగుందనుకుంటాను."

ఇదీ సంగతి. చదివి ఇమ్కే కళ్లు తుడుచుకుంది. నేను వంతెన ఎత్తడానికి వెళ్లాను. పడవేమీ రాలేదు.

సలహా చెప్పేంతటివాణ్ణి కాను. ఏం చేసినా నీ పక్కనే ఉంటాను.

వీబ్రెన్


బ్రిడ్లింగ్టన్,
ఏప్రిల్ 2023

తమ్ముడూ,

ముందు తిట్టు. ఇంకోసారి నా మొగుడికి నాకు తెలియకుండా ఉత్తరం రాస్తే ఓడెక్కి వచ్చి నిన్ను బూట్లతో సహా కాలవలోకి తోస్తాను. మొగుడు అని రాశాను, చూశావా. కారణం ఉంది, చెబుతాను.

నీ ఉత్తరం చదివాక బల్ల మీది కాగితాలన్నీ తీసి సొరుగులో పడేశాను. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లలేదు. బెవర్లీకి ఫోన్ చేసి ప్రమాణానికి రావడం లేదని చెప్పాను. అవతలి అమ్మాయి మంచిది, పాపం గాభరాపడింది. "మూడు నెలల గడువు దాటితే ఈ అనుమతి చెల్లదండీ, మళ్లీ మొదటి నుంచీ రావాలి" అంది. తెలుసమ్మా అన్నాను. "ఎవరైనా మిమ్మల్ని ఒత్తిడి చేస్తున్నారా?" అని అడిగింది. ఎవరూ చేయట్లేదు, నేనే చేసుకున్నాను ఇన్నాళ్లూ అన్నాను. అర్థమైనట్టు లేదు.

ప్రమాణం రోజున ఈతకొలనులో పాఠాలు చెప్పాను. మామూలుగానే చెప్పాను. ఏడవలేదని రాద్దామనుకున్నాను గానీ నీకెందుకు అబద్ధం, బట్టలు మార్చుకునే గదిలో కాస్త ఏడ్చాను. ఆ ఓటు కోసం, పౌరసత్వ పరీక్షకి అంత పుస్తకం బట్టీ పట్టానురా. రాజులూ రాణుల పేర్లు ఇప్పటికీ నిద్రలో అప్పజెబుతాను.

గడువు ఆఖరి రోజు దాటనిచ్చాను. ఆ మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్లాను. నెవిల్ గట్టు మీద కూర్చుని లాబ్‌స్టర్ బుట్టకి వల అల్లుతున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు. కూర్చోలేదు, నిలబడే అడిగాను.

"నెవిల్, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

అతని చెయ్యి ఆగింది. "కాగితాల గడువెప్పుడు?"

"నిన్నటితో అయిపోయింది."

"ప్రమాణం?"

"వెళ్లలేదు. అనుమతి కూడా పోయింది."

"మరి ఇప్పుడు చేసుకుంటే నీకేమొస్తుంది?"

"ఏమీ రాదు. నువ్వొస్తావు."

వల ముడి విప్పి మళ్లీ వేశాడు. "తరువాతెప్పుడైనా మళ్లీ దరఖాస్తు పెడతావా?"

"పెడతాను. అప్పుడు ఈ పెళ్లి పనికొస్తుంది కూడా. అదీ దాచను. కానీ ఈరోజు దానికోసం అడగట్లేదు."

"మీ అత్త సంగతి? పెళ్లంటే నీకు భయం కదా."

"ఇప్పటికీ భయమే. అయినా అడుగుతున్నాను. ఈసారి నువ్వు కాదంటే ఇంకోసారి అడుగుతాను. మూడుసార్లు నీకు బాకీ ఉన్నాను."

అప్పుడు నవ్వాడు. జనవరి నుంచీ ఆ నవ్వు చూడలేదు నేను. "వద్దులే పిల్లా, మూడోసారికి నాకు డెబ్బై దాటతాయి. సరే, చేసుకుంటాను. కానీ టై కట్టుకోను."

కట్టుకోవద్దన్నాను. గట్టు మీద పక్కనే కూర్చున్నాను. ప్యాంటంతా చేపల నీళ్లు. ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకాదు.

జూన్‌లో అనుకుంటున్నాం. ఓటు ఆలస్యమవుతుంది. కానీరా, అప్పుడొచ్చి అడిగే మనిషి ఈ తొందరపడ్డ మనిషి కాదు.

అక్క


ఫ్రానెకర్,
మే 2023

అక్కా!

ఇమ్కే వంటింట్లో గంతులేసింది. ఆల్కే అయితే ఉత్తరం మొత్తం నాతో రెండుసార్లు చదివించుకుని, "నాకు ఇలా ఆగి ఆలోచించుకునే బుద్ధి పుట్టలేదు" అంది. ఆవిడ కూడా పెళ్లికి వస్తానంటోంది. తన కెనడా పాస్‌పోర్టుతో ఎన్నాళ్లు ఉండొచ్చో కనుక్కుంటోంది పాపం.

నేను సెలవు పెట్టాను. వంతెన మీద నా బదులు కూర్చునే కుర్రాడికి "బాతులొస్తే ఎత్తకు" అని చెప్పాను.

బావని ఇకపై బావా అని చట్టప్రకారం పిలుస్తాను. ఇన్నాళ్లూ పిలిచింది చెల్లుతుందో లేదో ఆయన్నే అడుగు.

వీబ్రెన్

తా.క. కోటు కొత్తదే కొన్నాను. ఇమ్కే కొనిపించింది.


బ్రిడ్లింగ్టన్,
జూన్ 2023

తమ్ముడూ,

శనివారం రేవు దగ్గర మీకోసం నెవిల్ వస్తాడు. అతని వ్యానులో చేపల వాసన ఉంటుంది, ఇమ్కేకి ముందే చెప్పు. ఆల్కేకి మేడ మీద గది సర్దాను.

నువ్వు వచ్చేలోపు రాయకపోతే నా కడుపుబ్బిపోయే సంగతి ఒకటుంది. ఇక్కడ పెళ్లికి నోటీసు ఇచ్చాక దాన్ని నాలుగు వారాలు రిజిస్ట్రారు ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు. ఇద్దరి పేర్లూ, చేసే పనులూ, ఏ దేశమో. ఈ పెళ్లికి అభ్యంతరం ఉన్న ఎవరైనా సరే లోపలికి వచ్చి చెప్పొచ్చు.

నోటీసు రాసుకునే ఆవిడ పెన్ను తీసి "మీది ఏ దేశం?" అని అడిగినప్పుడు బౌకే అత్త గుర్తొచ్చింది. "నెదర్లాండ్స్" అన్నాను. నా చెయ్యి నెవిల్ చేతిలోనే ఉంది. ఆవిడ రాసుకుని, అతని వైపు తిరిగి అదే ప్రశ్న వేసింది. అతన్ని కూడా అడుగుతారని నాకు అంతవరకూ తట్టనే లేదు. నెవిల్ ఒక్క క్షణం తడబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఆ ప్రశ్న ఎవరూ వేయలేదట.

ఈ నాలుగు వారాలూ కొలను నుంచి ఇంటికి వచ్చేటప్పుడు కావాలని ఆ దారినే వచ్చాను. అద్దం వెనక నా పేరు, నా దేశం, అందరూ చదివేలా. చేపల కొట్టావిడ కళ్లజోడు సవరించుకుని చదవడం చూశాను. పోస్టాఫీసు ముసలాయన చదివాడు. ఆ 2016 ఓట్లప్పుడు "ఇక మీరంతా సామాను సర్దుకోవచ్చు" అని నవ్వుతూ అన్న పక్కవీధి రొనాల్డ్ కూడా నిలబడి మొత్తం చదివాడు. ఇతను లోపలికి వెళ్తాడేమోనని వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

నిన్నటితో గడువు అయిపోయింది. ఆఫీసు మూసే వేళకి లోపలికి వెళ్లి, "అభ్యంతరమని ఎవరైనా వచ్చారా?" అని అడిగాను.

"ఒక్కరూ రాలేదండీ" అంది ఆవిడ.

సరిగా వినబడనట్టు నటించి, ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను.

యెట్స్కే